స్టెంట్ వేశారు, రిపోర్టులన్నీ బాగున్నాయి... మనిషి మాత్రం కోలుకోవట్లేదు

కృష్ణా_తీరం
నాన్నకి 58. మూడు నెలల కింద గుండెపోటు వచ్చింది, ఎల్‌ఏడీలో (గుండె ముందువైపు పెద్ద ధమని) ఒక స్టెంట్ వేశారు. మొన్నటి ఎకోలో ఈఎఫ్ (గుండె పంపు చేసే బలం) 50, బీపీ 124/78, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 62. డాక్టరు గారు చూసి అంతా బాగుందన్నారు. ఇంట్లో అలా లేదు. పొద్దున పేపరు ముట్టుకోవట్లేదు. తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటున్నారు. నడకకి రమ్మంటే 'ఎందుకులేరా ఇంక' అంటున్నారు. నిన్న మాత్రల షీట్లు లెక్కపెడితే, ఈపాటికి అయిపోవాల్సిన క్లోపిడోగ్రెల్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్ర) తొమ్మిది మిగిలి ఉన్నాయి.

చుట్టాలేమో 'బెంగ పెట్టుకునే తెచ్చుకున్నాడు, ధైర్యంగా ఉండమను' అని చెప్పి పోతున్నారు. మనసుకీ గుండెజబ్బుకీ నిజంగా లెక్కకి అందే సంబంధం ఉందా, ఊరికే అనే మాటా? ఉంటే ఎవరికి చూపించాలి?

క్యాథ్‌ల్యాబ్_సిస్టర్
మిగతావన్నీ తర్వాత, ముందు క్లోపిడోగ్రెల్ సంగతి చూడండి. స్టెంట్ పడి మూడు నెలలే. ఇప్పుడు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండిట్లో ఏది ఆగినా స్టెంట్ లోపల గడ్డ కట్టే ప్రమాదం ఉంది, అది మొదటి ఎటాక్ కన్నా గట్టిగా కొట్టవచ్చు. ఈ రోజే కార్డియాలజిస్టుకి ఫోన్ చేసి రెండు విషయాలు చెప్పండి: వరసగా మానేశారా, మధ్యమధ్యలోనా, చివరి మాత్ర ఎప్పుడు వేసుకున్నారు. మళ్లీ మొదలుపెట్టేటప్పుడు పెద్ద డోసు కావాలా వద్దా అన్నది ఆయనే తేలుస్తారు. తప్పిపోయినవాటి బదులని మీరు రెండేసి వేయకండి. ఆస్పిరిన్, స్టాటిన్ (కొలెస్ట్రాల్ మాత్ర) షీట్లు కూడా లెక్కపెట్టండి.

కృష్ణా_తీరం
ఫోన్ చేశాను సిస్టర్. వరసగా కాదు, మధ్యమధ్యలో మానేశారు, నిన్న వేసుకున్నారు. రోజూ తప్పకుండా వేయమన్నారు, సోమవారం తీసుకురమ్మన్నారు. ఆస్పిరిన్ సరిగ్గా ఉంది. అటోర్వాస్టాటిన్ కూడా ఆరు మిగిలాయి.

మనసు_డాక్టర్
మీ ప్రశ్నకి జవాబు: లెక్కకి అందే సంబంధమే. 1993లో మాంట్రియల్‌లో గుండెపోటు వచ్చిన 222 మందిని ఆరు నెలలు గమనించారు. డిప్రెషన్ ఉన్నవాళ్లలో చావులు చాలా ఎక్కువ. గుండె ఎంత దెబ్బతింది అనేదాన్ని లెక్కలో సర్దుబాటు చేసి చూసినా తేడా పోలేదు. ఆ తర్వాత ఎన్నో దేశాల్లో ఇదే కనబడింది. 2014లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ నిపుణులు, గుండెపోటు తర్వాతి డిప్రెషన్‌ని ప్రమాద కారకాల్లో ఒకటిగా గుర్తించాలని రాశారు.

గుండెపోటు తర్వాత సుమారు ఐదుగురిలో ఒకరికి వైద్యం కావాల్సినంత డిప్రెషన్ ఉంటుంది. మొదటి రెండు వారాల భయం, కన్నీళ్లు వేరు, చాలామందికి అవి వాటంతటవే తగ్గుతాయి. మూడు నెలలు దాటినా ఇష్టమైన పని మీద ఆసక్తి లేకపోవడం, తెల్లవారుజామునే మెలకువ, 'ఎందుకులే' అన్న మాట ఉన్నాయంటే ఆగకూడదు.

ఇంట్లోనే చేయగలిగింది పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళి. తెలుగులో దొరుకుతుంది. గత రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. పది, ఆ పైన వస్తే డాక్టరు చూడాల్సిందే. పదిహేను, ఇరవై దాటే కొద్దీ తీవ్రత పెరుగుతుంది. ప్రశ్నలు మీరు చదవండి, జవాబు ఆయన్నే చెప్పనివ్వండి. పక్కన పదిమందిని కూర్చోబెట్టకండి, 'అంత లేదులే నాన్నా' అని సర్దిచెప్పకండి. తొమ్మిదో ప్రశ్న చనిపోవాలన్న ఆలోచనల గురించి. దానికి సున్నా కాకుండా ఏ జవాబొచ్చినా మొత్తం మార్కులతో పని లేదు, అదే రోజు సైకియాట్రిస్టుకి చూపించాలి, ఒంటరిగా వదలకూడదు.

సందేహాల_సత్తి
ఒక అభ్యంతరం. అలసట, నిద్ర లేకపోవడం, ఆకలి మందగించడం, ఇవి గుండెజబ్బువి కూడా కదా? పీహెచ్‌క్యూలో ఆ మార్కులన్నీ కలిసి లేని డిప్రెషన్ ఉన్నట్టు చూపించొచ్చు. పైగా మెటోప్రొలాల్ (గుండె వేగం తగ్గించే మాత్ర) వాడుతూ ఉంటారు, దాంతోనే దిగులు వస్తుందంటారు.

మనసు_డాక్టర్
సత్తి గారూ, మొదటి మాట సబబే. అందుకే మార్కులు చూసి మందు రాయం, మాట్లాడి రాస్తాం. మొదటి రెండు ప్రశ్నలు, అంటే ఆసక్తి లేకపోవడం, దిగులు, గుండె బలహీనతతో అంతగా కలవవు. వాటికి మార్కులు పడ్డాయా అన్నది ముందు చూస్తాం. హిమోగ్లోబిన్, థైరాయిడ్, సోడియం, బి12 చేయిస్తాం. పెద్దగా గురకపెట్టి మధ్యలో ఊపిరి ఆగే మనిషైతే స్లీప్ ఆప్నియా కూడా చూడాలి.

రెండోది పాత నమ్మకం. మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్ల పరీక్షలన్నీ కలిపి చూసినప్పుడు డిప్రెషన్ పెరిగినట్టు తేలలేదు. కొంత అలసట, నిద్రలో తేడా, కలలు ఉండొచ్చు. ఆ అనుమానంతో మెటోప్రొలాల్ ఒక్కసారిగా ఆపితే గుండె వేగం ఎగబాకుతుంది, అది ఇంకా ప్రమాదం.

లెక్కల_పంతులు
ఎటాక్ రాకముందు సంగతి కూడా అడిగారు కాబట్టి: 2004లో వచ్చిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం 52 దేశాల్లో జరిగింది, మన దేశమూ అందులో ఉంది. మొదటిసారి గుండెపోటు వచ్చిన 15 వేల మందిని, దాదాపు అంతేమంది ఆరోగ్యవంతుల్ని పోల్చారు. ఇంట్లో, ఉద్యోగంలో ఒత్తిడి, డబ్బు ఇబ్బంది, పెద్ద దెబ్బలాంటి సంఘటనలు, డిప్రెషన్, 'నా చేతిలో ఏమీ లేదు' అన్న భావన, వీటన్నిటినీ కలిపి ఒకే కొలతగా చూస్తే ముప్పు 2.67 రెట్లు. అదే అధ్యయనంలో పొగతాగడానికి 2.87.

సందేహాల_సత్తి
పంతులు గారూ, గుండెపోటు వచ్చి మంచం మీద ఉన్నవాణ్ణి 'ఏడాదిగా ఒత్తిడిలో ఉన్నావా' అని అడిగితే అవుననే అంటాడు. కారణం వెతుక్కునే మనిషి కదా. ఆ 2.67లో కొంత గాలి ఉంది.

లెక్కల_పంతులు
ఉంది, కాదనను. అందుకే ముందుగా అడిగి, ఏళ్ల తరబడి వెంబడించిన అధ్యయనాలు చూడాలి. 2012లో యూరప్‌లో అలాంటివి కలిపి చూస్తే, పని భారం ఎక్కువ, పని మీద పట్టు తక్కువ ఉన్న ఉద్యోగుల్లో గుండెజబ్బు ముప్పు 23 శాతమే ఎక్కువ. మొత్తం జబ్బులో దాని వాటా 3.4 శాతం, పొగదైతే 36 శాతం. ఉద్యోగ ఒత్తిడి ఒక్కదాన్నే చూస్తే చిన్నదే. కానీ ఒత్తిడి ఒంటరిగా రాదు. అప్పు, నిద్ర లేమి, సిగరెట్, మానేసిన మాత్ర వెంట వస్తాయి.

నైట్‌షిఫ్ట్_నాని
పంతులు గారు చెప్పిన 'పట్టు' దగ్గర ఆగండి. హైటెక్ సిటీలో చాలామంది అనుకునేది పని గంటలే విలన్ అని. గంటలూ ఒక కారణమే, వారానికి 55 గంటలు దాటితే పక్షవాతం ముప్పు సుమారు 33 శాతం, గుండెజబ్బు 13 శాతం పెరిగినట్టు 2015లో లెక్క వచ్చింది. కానీ అదే గంటలు పనిచేసే ఇద్దరిలో, కాల్ ఎప్పుడు పెట్టాలో తను నిర్ణయించేవాడు వేరు, రాత్రి పదకొండుకి పిలిస్తే లేవాల్సినవాడు వేరు.

లెక్కల_పంతులు
సరిగ్గా అదే లండన్ గవర్నమెంటు ఉద్యోగుల్లో చూశారు. 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనం, దాని ఫలితాలు రాసిన పరిశోధకుడు మైకేల్ మార్మట్ పేరు విని ఉంటారు. అందరికీ నెల జీతం, నీడపట్టు ఉద్యోగం, ఉచిత వైద్యం. అయినా అట్టడుగు హోదాలో ఉన్న మగవాళ్లలో గుండెజబ్బు చావులు పై అధికారుల కన్నా మూడు రెట్ల పైన. సిగరెట్, బీపీ, కొలెస్ట్రాల్ లెక్కవేస్తే ఆ తేడాలో ఒక భాగమే తేలింది. 1985లో మొదలైన రెండో విడతలో పని మీద అదుపు లేకపోవడం ఒక ముఖ్యమైన కారణంగా కనబడింది. బాస్‌లకే గుండెపోట్లు వస్తాయనుకునే రోజుల్లో ఇది పెద్ద మాట.

పల్లె_పీహెచ్‌సీ
లండన్ దాకా ఎందుకు, మన దగ్గర తేడా ఇంకా కళ్లకి కట్టినట్టు ఉంటుంది. 2008లో వచ్చిన క్రియేట్ రిజిస్ట్రీ, అంటే మన దేశంలో గుండెపోటు లాంటి అత్యవసరాలతో ఆస్పత్రికి వచ్చినవాళ్ల లెక్క, చూడండి. 50 ఊళ్లు, 89 ఆస్పత్రులు, 20,468 మంది రోగులు. నొప్పి మొదలయ్యాక ఆస్పత్రి చేరడానికి మధ్యస్థ సమయం 360 నిమిషాలు, అంటే ఆరు గంటలు. నెల రోజుల్లో చావులు పేదల్లో 8.2 శాతం, ధనికుల్లో 5.5. అసలు విషయం ఇది: ఇచ్చిన వైద్యంలో తేడాని లెక్కలో సరిచేస్తే చావుల తేడా మాయమైంది. అంటే పేదవాడి గుండె బలహీనం కాదు, అతనికి అందాల్సిన మందు, యాంజియోప్లాస్టీ అందలేదు.

గోదావరి జిల్లాల్లో 45 పల్లెల చావుల లెక్క 2006లో వచ్చింది. దాదాపు మూడోవంతు గుండె, రక్తనాళాల జబ్బులే. అప్పటికే. ఇది పట్నం జబ్బు అని ఇంకా అనేవాళ్లు ఉన్నారు.

ఆ ఆరు గంటలు ఎక్కడ పోతాయంటే: గ్యాస్ అనుకుని సోడా, తర్వాత ఊళ్లో ఆర్‌ఎంపీ సూది, తర్వాత కొడుకుకి ఫోన్, తర్వాత డబ్బు కోసం వెతుకులాట, చివర్న కారు. ఛాతీలో బిగింపు, చెమట, ఆయాసం కలిసొస్తే మొదటి ఫోన్ 108కే పోవాలి. డబ్బు మాట ఆస్పత్రికి వెళ్లాక ఆరోగ్యమిత్రతో మాట్లాడుకోవచ్చు.

గుంటూరు_గైనిక్
ఆడవాళ్లకి ఇంకో గంట కలపండి. 'ఇంట్లో గొడవ జరిగింది, టెన్షన్ పడింది' అని చుట్టూ ఉన్నవాళ్లు ముందే తేల్చేస్తారు, క్లినిక్‌లో ఒక ఆల్ప్రజోలం (ఆందోళనకి, నిద్రకి ఇచ్చే మాత్ర) ఇచ్చి పంపుతారు. దవడ నొప్పి, వీపు నొప్పి, వాంతి, విపరీతమైన నీరసం ఉన్నా ఈసీజీ తీయరు. ఆందోళన వల్ల వచ్చిందనిపించినా ఈసీజీ తీయాలి, వెళ్లిన పది నిమిషాల్లో. మామూలుగా ఉంటే వదిలేయకూడదు, మళ్లీ తీయాలి, ట్రోపొనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగేది) కొన్ని గంటల తేడాతో రెండుసార్లు చూడాలి. పానిక్ అనేది చివరికి మిగిలే రోగనిర్ధారణ.

కళ్యాణి_చదువరి
భర్త పోయిన రోజే భార్యకి గుండెపోటు అని పేపర్లో చూస్తుంటాం. అది నిజంగా అవుతుందా?

క్యాథ్‌ల్యాబ్_సిస్టర్
అవుతుంది. రెండు రకాలు. ఒకటి మామూలు గుండెపోటే. దగ్గరివాళ్లు పోయిన మొదటి 24 గంటల్లో ముప్పు సుమారు 21 రెట్లని 2012లో అమెరికాలో లెక్కగట్టారు. పట్టలేని కోపం తర్వాత రెండు గంటల్లో సుమారు 2.3 రెట్లు. ఇవి చూసి బెదిరిపోవద్దు. ఆరోగ్యవంతుడికి ఒక గంటలో ఉండే ముప్పు ఎంతో చిన్నది, దాన్ని 21తో హెచ్చించినా చిన్నదే. కానీ అప్పటికే స్టెంట్ ఉన్న విధవరాలి విషయంలో అది చిన్నది కాదు. చావింట్లో ఆవిడ మాత్రలు, తిండి, నీళ్లు ఎవరూ పట్టించుకోరు. ఎవరో ఒకరు ఆ డబ్బా పట్టుకుని పక్కన ఉండాలి.

రెండోది టకోత్సుబో, అంటే పెద్ద దుఃఖం లాంటి దెబ్బకి గుండె కండరం తాత్కాలికంగా సత్తువ కోల్పోవడం, 1990లో జపాన్‌లో వర్ణించారు. ఈసీజీ ఎటాక్‌లాగే ఉంటుంది, ట్రోపొనిన్ పెరుగుతుంది, యాంజియోగ్రామ్‌లో ఆ గుండె దెబ్బకి సరిపడా అడ్డం కనిపించదు. ఎడమ జఠరిక కొన భాగం కదలకుండా ఉబ్బిపోతుంది. దాదాపు తొంభై శాతం ఆడవాళ్లే, ఎక్కువమంది ముట్లుడిగినవాళ్లు. చాలామందిలో కొన్ని వారాల్లో గుండె పని మామూలవుతుంది. అలాగని తేలిక కాదు, మొదటి రోజుల్లో షాక్‌లోకి వెళ్లేవాళ్లూ ఉన్నారు. యాంజియో చేయకుండా రెండిట్లో ఏదో చెప్పడం కుదరదు.

సందేహాల_సత్తి
దారి ఏమిటి మరి? మనసు నుంచి ధమనికి ఎలా వెళ్తుంది?

మనసు_డాక్టర్
చాలా దారులు. అడ్రినలిన్ పెరిగి గుండె వేగం, బీపీ ఎగుస్తాయి, రక్తనాళం ముడుచుకుంటుంది. ప్లేట్‌లెట్లు తొందరగా అతుక్కుంటాయి. రోజుల తరబడి సాగితే కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్, ఒంట్లో వాపు, ధమని లోపలి పొర సాగే గుణం తగ్గడం. 2017లో 293 మందిని స్కాన్ చేసి ఏళ్లపాటు గమనించారు. మెదడులో భయాన్ని నడిపే అమిగ్డలా చురుగ్గా ఉన్నవాళ్లలో ఎముక మజ్జ చురుకు, ధమనుల వాపు, తర్వాత గుండె సంఘటనలు (గుండెపోటు లాంటివి) ఎక్కువ.

కానీ రోజువారీ వైద్యంలో నాకు అన్నిటికన్నా పెద్దదిగా కనబడే దారి ఆ తొమ్మిది మాత్రలే. డిప్రెషన్ ఉన్న రోగులు వైద్య సలహా పాటించకపోవడానికి మూడు రెట్లు ఎక్కువ అవకాశం ఉందని 2000లో తేలింది. అది నిర్లక్ష్యం కాదు, బతకాలన్న ఆసక్తి సన్నగిల్లడం. 'ధైర్యంగా ఉండు' అని చెబితే మాత్ర గొంతు దిగదు.

పాతకాలం_మనిషి
మనోవ్యాధికి మందు లేదని ఊరికే అన్నారా మరి.

మనసు_డాక్టర్
ఉంది. గుండెపోటు రోగుల్లో సెర్ట్రలిన్ అనే డిప్రెషన్ మందు సురక్షితమని 2002లోనే 369 మంది మీద పరీక్షించి చెప్పారు.

సందేహాల_సత్తి
సురక్షితం సరే, ప్రాణం కాపాడిందా? 2003లో ఎన్‌రిచ్డ్ అని పెద్ద పరీక్ష, 2,481 మంది, కౌన్సెలింగ్ ఇచ్చారు. దిగులు తగ్గింది, ఒంటరితనం తగ్గింది, చావులూ మళ్లీ వచ్చే ఎటాక్‌లూ తగ్గలేదు. ఇది చెప్పకపోతే జనానికి సగం నిజం చెప్పినట్టు.

మనసు_డాక్టర్
పూర్తిగా ఒప్పుకుంటాను. దానికి ఎదురు, కొరియాలో 300 మందిలో దాదాపు సగం మందికి ఆరు నెలలు ఎస్సిటాలోప్రామ్ అనే డిప్రెషన్ మందు, మిగతావాళ్లకి మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చి ఎనిమిదేళ్లు గమనిస్తే, పెద్ద గుండె సంఘటనలు ఉత్తుత్తి మాత్రవాళ్లలో 53.6 శాతం, మందువాళ్లలో 40.9 శాతం (2018). ఒక్క ఆస్పత్రి ఫలితం, కాబట్టి అదే తుది మాట అనను. నా అభిప్రాయం: గుండెకి లాభం తేలినా తేలకపోయినా, మూడింటికి లేచి చీకట్లో కూర్చునే మనిషికి వైద్యం చేయాలి. కాలు విరిగితే గుండెకి లాభమా అని అడిగి కట్టు కట్టం కదా.

మందుల_మామ
మందు మొదలయ్యే ముందు నా మాట వినండి, తప్పులు ఎక్కువ ఇక్కడే జరుగుతాయి.

డిప్రెషన్ మందుల్లో ఫ్లూఆక్సెటిన్, ఫ్లూవోక్సమిన్: క్లోపిడోగ్రెల్ లివర్‌లో మారితేనే పనిచేస్తుంది, ఆ మార్పుకి ఇవి అడ్డం పడతాయి. ఒమెప్రజోల్, ఎసోమెప్రజోల్ కూడా అంతే, కడుపు మంటకి పాంటోప్రజోల్ మేలు. ఫ్లూఆక్సెటిన్, అలాంటిదే పారోక్సెటిన్, మెటోప్రొలాల్ మోతాదుని రక్తంలో పెంచుతాయి, నాడి 50 కిందికి పడిపోయి కళ్లు తిరుగుతాయి. ఎస్సిటాలోప్రామ్ ఇస్తే ఈసీజీలో క్యూటీ (అది సాగితే గుండె లయ తప్పే ప్రమాదం) చూడాలి, పెద్దవాళ్లకి 10 మిల్లీగ్రాములు దాటనివ్వరు. పాత అమిట్రిప్టిలిన్ గుండెపోటు తర్వాత వద్దు. నిద్రకని పాత చీటీ మీద ఇంకా కొంటున్నారు.

సెర్ట్రలిన్‌కి ఈ గొడవలు తక్కువ. సాధారణంగా రోజుకి 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, వారం తర్వాత 50 చేస్తారు. మొదటి పది రోజులు వికారం, విరేచనాలు, కాస్త అలజడి ఉంటాయి, చాలామంది ఇక్కడే మానేస్తారు. గుణం కనబడటానికి రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తిగా ఆరు నుంచి ఎనిమిది. ఈ రకం మందులు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్‌తో కలిస్తే రక్తస్రావం కొంచెం పెరుగుతుంది. విరేచనం తారులా నల్లగా వస్తే వెంటనే చూపించండి. మోకాళ్ల నొప్పులకి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వద్దు, పారాసెటమాల్ చాలు.

డల్లాస్_కొడుకు
మాలో చాలామంది అమ్మానాన్నలు విజయవాడలో ఒక్కళ్లే ఉంటారు. ఒంటరితనం కూడా లెక్కలోకి వస్తుందా?

లెక్కల_పంతులు
వస్తుంది. 2016లో అధ్యయనాలన్నీ కలిపితే, ఒంటరితనం లేదా మనుషులతో సంబంధాలు తక్కువ ఉన్నవాళ్లలో గుండెజబ్బు 29 శాతం, పక్షవాతం 32 శాతం ఎక్కువ. రోజూ వీడియో కాల్ మంచిదే కానీ అందులో 'బాగున్నాం' తప్ప ఇంకేం రాదు. ఎదురింట్లో ఒకరి దగ్గర తాళం, మందుల జాబితా, 108 అని రాసిన కాగితం ఉండేలా చూడండి. నెలకోసారి మాత్రల షీట్లు కెమెరాకి చూపించమనండి.

కృష్ణా_తీరం
పీహెచ్‌క్యూ చేశాను. 14 వచ్చింది. తొమ్మిదోది సున్నా, ఊపిరి పీల్చుకున్నాం. ఆరో ప్రశ్న, 'మిమ్మల్ని మీరు పనికిరానివాడిగా అనుకున్నారా', దాని దగ్గర చాలాసేపు ఆగారు. '3 వేసుకోరా. కొట్టు తాళాలు తీసేసుకున్నారుగా' అన్నారు. మాది ఎరువుల కొట్టు. డిశ్చార్జి రోజే అన్నయ్యా నేనూ తాళాలు, ఖాతా పుస్తకం తీసుకున్నాం, రైతుల బాకీల సంగతి ఆయన చెవిన పడకుండా చూస్తున్నాం. ఆయన మంచికే.

ఫిజియో_వరంగల్
పైన పంతులు గారు చెప్పిన 'పట్టు' ఇదే. మంచికే చేశారు, కానీ ఈఎఫ్ 50 ఉన్న మనిషిని మూడు నెలలు కుర్చీకి కట్టేయాల్సిన పనిలేదు. గల్లాపెట్టె దగ్గర కూర్చోవడానికి గుండెకి పడే శ్రమ ఇంట్లో కూర్చున్నంతే. సోమవారం డాక్టర్ని అడిగి, ట్రెడ్‌మిల్ పరీక్ష కావాలంటే చేయించి, మెల్లగా మొదలుపెట్టండి. మొదటి వారం ఉదయం రెండు గంటలు. తర్వాత పూట మొత్తం. తాళాలు మొదటి రోజే ఇవ్వండి, గంటలు పెంచేది తర్వాత. బస్తాలు మాత్రం ముట్టకూడదు, యూరియా 45 కిలోలు, డీఏపీ 50, ఊపిరి బిగబట్టి ఎత్తితే బీపీ ఒక్కసారిగా లేస్తుంది.

నడక విడిగా కాకుండా కొట్టుకి నడిచే వెళ్లమనండి. మాట్లాడుతూ నడవగలగాలి, పాట పాడేంత తేలిగ్గా ఉండకూడదు, అదీ వేగం. పది నిమిషాలతో మొదలు, వారానికి ఐదేసి నిమిషాలు పెంచి ముప్పైకి. ఛాతీ బిగిస్తే ఆగాలి, జేబులో నాలుక కింద మాత్ర ఉండాలి.

యోగా ఇష్టమైతే అదీ మంచిదే. యోగా-కేర్ అని మన దేశంలోనే 24 ఆస్పత్రుల్లో 3,959 మంది మీద చేశారు, 12 వారాల్లో 13 తరగతులు. చావులు, ఎటాక్‌లు స్పష్టంగా తగ్గలేదు, కానీ పాత పనుల్లోకి తిరిగి వెళ్లడం, ఆరోగ్యం బాగుందన్న భావన మెరుగయ్యాయి. మీ నాన్నగారికి ఇప్పుడు కావాల్సింది అదే.

ఇంకొకటి, ఎవరూ అడగరు కాబట్టి నేనే చెప్తున్నా. రెండంతస్తుల మెట్లు ఆయాసం లేకుండా ఎక్కగలిగితే దాంపత్య జీవితానికి భయం లేదు. డాక్టరు ఈ మాట ఆయనకి ఒంటరిగా చెబితే బాగుంటుంది. నైట్రేట్ మాత్రలు (నాలుక కింద పెట్టుకునేవి కూడా) వాడేవాళ్లు సిల్డెనాఫిల్ (వయాగ్రా) మాత్రం తాకకూడదు.

పల్లె_పీహెచ్‌సీ
బాకీల సంగతి దాచకండి. ఊళ్లో కొట్టు నడిపిన మనిషి, ఎవరు ఎంత ఇవ్వాలో నోటికి వచ్చి ఉంటుంది. తెలియకపోతే ఊహించుకుంటారు, అసలుకన్నా ఎక్కువే ఊహించుకుంటారు. ఖాతా ముందు పెట్టి ముగ్గురూ ఒకసారి కూర్చోండి, రాత్రి కాకుండా పగలు.

కృష్ణా_తీరం
అలాగే చేస్తాం. సోమవారానికి మందుల జాబితా ఇది: ఆస్పిరిన్ 75, క్లోపిడోగ్రెల్ 75, అటోర్వాస్టాటిన్ 40, మెటోప్రొలాల్ 25, రామిప్రిల్ 2.5, ఒమెప్రజోల్ 20. నిద్రకి వారం నుంచి ఆల్ప్రజోలం 0.25, షాపులో ఇచ్చారు. అమ్మ పేరు మీద 14416కి కూడా ఫోన్ చేద్దామనుకుంటున్నాం, తెలుగులో మాట్లాడతారా?

మనసు_డాక్టర్
మాట్లాడతారు. టెలీ మానస్, రోజంతా, డబ్బు కట్టక్కర్లేదు. అమ్మగారు తన గురించి కూడా చెప్పుకోవచ్చు. ఆల్ప్రజోలం ఇక కొనకండి, అలవాటు పడుతుంది, రాత్రి లేచినప్పుడు తూలి పడతారు. వారం రోజులే కాబట్టి ఎలా ఆపాలో సోమవారం అడగండి. 14 మార్కుల కాగితం కార్డియాలజిస్టు చేతికి ఇచ్చి 'సైకియాట్రిస్టుకి రిఫరల్ రాయండి' అని నేరుగా అడగండి.

మందుల_మామ
ఒమెప్రజోల్ ఉంది చూశారా, పాంటోప్రజోల్‌కి మార్చమని అడగండి. ఎల్‌డీఎల్ 62 అన్నారు, యూరప్ మార్గదర్శకాల ప్రకారం గుండెపోటు తర్వాత 55 లోపు ఉండాలి. కానీ స్టాటిన్ ఆరు మానేసి వచ్చిన 62 ఇది. రోజూ వేసుకుంటూ ఆరు వారాలకి మళ్లీ పరీక్ష చేయించి, అప్పటికీ దిగకపోతే డోసు మాట డాక్టరుతో మాట్లాడండి. మాత్రల డబ్బా కూడా కొట్టులో గల్లాపెట్టె పక్కన ఒకటి, ఇంట్లో ఒకటి పెట్టండి.